ప్రొపెల్లర్ లోపలి పగులు

చాలా ఏళ్ళ కిందట, అమెరికాలో క్యారీ నుంచి షార్లెట్ వెళ్ళే రైల్లో ఒక తెలుగావిడ నా పక్కన కూర్చున్నారు. అరవై దాటిన డాక్టరు. అప్పట్లో నేను మా గరాజ్‌లో రెండు సీట్ల విమానం సొంతంగా తయారు చేసుకుంటూ, దానికి కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ వెతుకుతున్నాను. బ్లేడ్ల కోణం దానంతటదే మారుతూ ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచే రకం అది. నా ల్యాప్‌టాప్‌లో ప్రొపెల్లర్ల ఫొటోలు చూసి ఆవిడ పలకరించారు.

"ఏది సెలెక్ట్ చేశారు?"

"ఈ సెకండ్ హ్యాండ్‌దండీ. చూడండి, కొత్తదానిలా మెరుస్తోంది."

"మాదీ అలాగే మెరిసేది. మావారు ముచ్చటపడి మా విమానానికి బిగించేశారు. బ్లేడ్లు పట్టుకునే హబ్‌ని విప్పించి చెక్ చేయించలేదు. లోపల పగులుంది. గాల్లో ఉండగా ఒక బ్లేడు ఊడిపోయింది. ఆ అదురుకి ఇంజన్ సగం ఊడి వేలాడింది. చెట్ల మీద పడింది విమానం."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"ఆయన పక్క సీట్లో."

ఆవిడ ప్యాంటు అంచు కొంచెం పైకి లాగారు. మోకాలి కింద కాలు లేదు, లోహపు కడ్డీ ఉంది. నేను ల్యాప్‌టాప్ మూసేశాను.

గ్రీన్స్‌బరో స్టేషన్ రాగానే, "విప్పించి చూడండి బాబూ," అని ఆవిడ దిగిపోయారు.

ఇంటికి వచ్చాక మా ఆవిడకి అంతా చెప్పాను. ఆ ప్రొపెల్లర్ మానేశానని కూడా చెప్పాను.

"వాళ్ళాయన ఏమయ్యారు?" అంది తను.

ఆ ఒక్క మాటా నేను అడగలేకపోయాను.