మస్టు రాయని రిపోర్టు

ఆ ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనంలో అతను పంతొమ్మిదేళ్లుగా లిఫ్టు మెకానిక్కు. మోటారు చప్పుడు వింటే చాలు, ఎక్కడ అరిగిందో చెప్పేవాడు. నెలనెలా ఇంగ్లీషులో రిపోర్టు రాయాల్సి వచ్చేసరికి మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

ఒక నెల రెండో లిఫ్టు ఆగాల్సిన చోట ఆగకుండా బెత్తెడు కిందికి జారడం గమనించాడు. బ్రేకు లైనింగు అరిగిపోయింది. ‘లైనింగ్ షుడ్ బి చేంజ్డ్’ అని రాసిచ్చాడు. ఎవరూ పలకలేదు. తర్వాతి రెండు నెలలూ అదే రాశాడు.

నాలుగో నెల ఒక ఉదయం ఆ లిఫ్టు అంతస్తు దాటి జారి, రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుంది. భవనం ఊడ్చే ఆవిడ లోపలే ఉండిపోయింది. గంటన్నర తర్వాత చెయ్యందించి పైకి లాగితే, ఆవిడ మెట్ల మీద కూలబడింది.

“ఇది బాగాలేదని నీకు తెలుసుగా అన్నా. ఎవరికీ చెప్పలేదా?”

అతను వెళ్లి లిఫ్టు తలుపుకి ‘పనిచేయదు’ అన్న అట్ట తగిలించాడు.

మర్నాడు మేనేజరు మూడు రిపోర్టులూ బల్ల మీద పరిచాడు.

“షుడ్ అన్నావు. అంటే మారిస్తే మంచిదని సలహా. మస్టు అని రాసుంటే ఆ రోజే మార్పించేవాణ్ణి.”

“మార్చాలనే కదా సార్ రాశాను!”

“నీ మనసులో ఏముందో నాకేం తెలుసయ్యా? కాగితం మీద ఉన్నదే చదివాను.”

సాయంత్రానికి మెమో చేతికొచ్చింది.

అతని మరదలు బళ్లో ఇంగ్లీషు టీచరు. విషయం విని కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“మనకి చేయాలి, మార్చాలి అనేటప్పుడు చివరొచ్చే ‘ఆలి’ ఒక్కటే బావా. ఇంగ్లీషువాళ్లకి షుడ్, మస్టు, హావ్ టు అని చాలా ఉన్నాయి.”

“మార్చాలి అంటే మార్చాలి! అందులో మళ్లీ మెత్తటిదీ గట్టిదీ ఏంటి?”

“మనం గొంతులో చూపిస్తాం. వాళ్లు మాటలో చూపిస్తారు. కాగితానికి గొంతుండదు కదా.”

‘వచ్చు’ దగ్గర మరీ చిక్కుపడ్డాడు. ఆగిపోవచ్చు అన్నా వచ్చే, లోపలికి రావచ్చు అన్నా వచ్చే. ఒకటి అనుమానం, ఒకటి అనుమతి అని ఆమె విడమరిచి చెబుతుంటే పెన్ను విసిరికొట్టాడు. ‘మస్ట్ నాట్’ అంటే కూడదు, ‘డోంట్ హావ్ టు’ అంటే అక్కర్లేదు అన్నది మాత్రం ఇట్టే పట్టేశాడు.

“ఇది మన దగ్గరా ఉందిగా! ముందే చెప్పొచ్చుగా!” అని ఆమె మీదే కేకలేశాడు.

ఆ నెల రిపోర్టులో అన్నిటికీ మస్టు పెట్టాడు, లోపలి బల్బుతో సహా. మేనేజరు పిలిపించి, “నాకే ఆర్డర్లు వేస్తున్నావా? అన్నీ మస్టులైతే ఏది ముందు చేయించను?” అన్నాడు. ఈసారి నిజంగానే తప్పు తనదేనని తెలిసి అతనికి మరింత ఒళ్లు మండింది.

తర్వాతి నెల మొదటి లిఫ్టు తాడులో తెగిన పోగులు కనిపించాయి. ఈసారి రెండే వాక్యాలు రాశాడు. తాడు మార్చడానికి మస్టు, లిఫ్టు వాడకానికి మస్ట్ నాట్. కాగితం మేనేజరు బల్ల మీద పెట్టి, వెళ్లి ఆ లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపేసి తాళం వేశాడు. పది నిమిషాల్లో ఫోను మోగింది.

“ఎవర్నడిగి ఆపావు?”

“రిపోర్టు చదవండి సార్.”

మూడో రోజుకి కొత్త తాడు వచ్చింది. ఎవరూ మెచ్చుకోలేదు. ఫోర్‌మన్ పదవికి పేర్లు పంపినప్పుడు, మెమో ఉందని అతని పేరు తీసేశారు. అతని దగ్గర పని నేర్చుకున్నవాడే ఫోర్‌మన్ అయ్యాడు.

ఆ వారమంతా అతను ఇంట్లో ప్రతిదానికీ విసుక్కున్నాడు. ఆదివారం మరదలు వచ్చి, “బావా, ఈసారి రిపోర్టు నేను రాసిపెట్టనా?” అంది.

“వద్దమ్మా. తప్పో ఒప్పో నేనే రాస్తాను. నువ్వు దిద్దు చాలు” అని తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.