కదలకండి, అదే!

లుద్వే ఎవరి ఫోటో తీస్తే వాళ్ళు నెల తిరక్కుండా శవపేటికలో చేరతారని జ్విడే ఊళ్ళో చెప్పుకునేవారు. పేటికల షాపువాడితో అతనికి ఒప్పందం ఉందని, ముందు ఫోటో ఇతనిది, తర్వాత పెట్టె అతనిదని ఆ మాటకు తోకలు కూడా తగిలించారు. సాక్ష్యం కూడా ఉంది. నీళ్ళ పైపులు బాగుచేసే మ్పెండు మంగళవారం ఫోటోలో పడ్డాడు, శుక్రవారం పోయాడు. ఆయనకు ఎనభై రెండేళ్ళని, ఆయన గుండె అప్పటికే రెండుసార్లు ఆగి చూసిందని ఎవరూ గుర్తుచేయలేదు.

లుద్వేకి ఉన్న జబ్బు నిజానికి ఒక్కటే. మనిషి ముఖం మీద ఏదైనా మెరిస్తే ఆగలేడు. మాట మధ్యలో ఉన్నా, తిండి మధ్యలో ఉన్నా, రోడ్డు మధ్యలో ఉన్నా మెడలోని కెమెరా పైకి లేస్తుంది. “కదలకండి, అదే!” అని అరుస్తాడు. ఆ అరుపు వినగానే జనం చెట్టుమీద పిట్టల్లా ఎగిరిపోయేవారు. గంటసేపు ట్యాక్సీ కోసం నిలబడ్డ వరుస అతను మలుపు తిరిగేసరికి మాయమయ్యేది. కూరలమ్మే ఆవిడ క్యాబేజీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. చర్చిలో పాస్టరుగారు “కళ్ళు మూసుకుని ప్రార్థిద్దాం” అని, లుద్వే ఏ మూలనున్నాడో చూడటానికి తనది ఒక కన్ను తెరిచే ఉంచేవారు. “కదలకండి, అదే!” అనే అరుపు ఒకసారి ఆమేన్ కంటే ముందు వినబడింది.

ఇవన్నీ అతని షాపులో పనిచేసే ఫెజేకా చూస్తూ ఉండేది. చూడటమే ఆమె పని, మాట్లాడటం ఆమెకు చేతకాదు. అమ్మ మంచాన పడితే తమ్ముళ్ళకు వండిపెట్టడానికి పదో తరగతిలో బడి మానేసింది. ఓడల్లో సరుకు తెచ్చే పాత ఇనుపపెట్టె ఒకదానికి నీలం రంగు వేసి లుద్వే షాపు పెట్టినప్పుడు, నోరు విప్పనక్కర్లేని ఉద్యోగం ఆ ఊళ్ళో అదొక్కటే అని చేరింది. జిరాక్సులు, ఉద్యోగాల అర్జీలు, అన్నిటికంటే ఎక్కువగా చావు పుస్తకాలు. శనివారం శనివారం ఎవరో ఒకరిని సాగనంపుతూనే ఉంటారు. వచ్చినవాళ్ళకు పంచడానికి అట్ట మీద ఫోటో, లోపల పాటలు, పోయినవారి జీవితం నాలుగు పేజీల్లో. వాటిని మడిచి పిన్నులు కొట్టడం ఫెజేకా వంతు.

లుద్వే మాత్రం చావు పుస్తకాల కోసం పుట్టలేదు. మూడేళ్ళు కాలేజీలో ఫోటోగ్రఫీ చదివాడు. ముఖాలు పాతకాలపు వ్యవహారమని అక్కడ నేర్పారు. దాంతో తుప్పు తీశాడు, పగిలిన గోడలు తీశాడు, నీడలు తీశాడు. ఆఖరి ఏడు ప్రదర్శన పెడితే వాళ్ళమ్మ మంచి కోటు వేసుకుని వచ్చి హాలంతా తిరిగింది.

“నాయనా, మనుషులేరి?”

“లేకపోవడమే ఇందులో సంగతమ్మా.”

ఆవిడ ఒక పగిలిన గోడకి దగ్గరగా వెళ్ళి చూసింది. “గోడ మాత్రం బాగా వచ్చింది” అంది.

తుప్పు తీసేవాడికి ఎవరూ ఉద్యోగం ఇవ్వకపోవడంతో వ్యాపారంలోకి దిగాడు. వ్యాపారం కూడా అతనికి సరిగ్గా రాలేదు. ఒకసారి ఒకతను వాళ్ళమ్మ గుర్తింపు కార్డు పట్టుకొచ్చాడు, అందులోని ఫోటోనే అట్ట మీద వేయమని.

లుద్వే కార్డుని తిప్పి తిప్పి చూశాడు. “ఈవిణ్ణి పోలీసులు ఎప్పుడు పట్టుకున్నారు?”

“అన్నా! మా అమ్మ!”

“ఎప్పుడూ ఇలాగే ఉండేదా?”

“లేదన్నా. పొద్దస్తమానం నవ్వేది. కార్డు ఫోటోలో నవ్వకూడదన్నారు.”

“ఇంకో ఫోటో?”

“లేదు.”

లుద్వే వెళ్ళి ఇనుపపెట్టె వెనకాల కూర్చున్నాడు. శవాల బండి వచ్చి హారను కొడుతున్నా లేవలేదు. చివరికి ఫెజేకా తనే అచ్చు వేసి, చేతులు కాలుతున్నా వేడివేడి కాగితాలు మడిచి ఇచ్చింది. అలాంటి శనివారాలు నెలకు రెండు.

ఊళ్ళో లుద్వేకి చిక్కని మనిషి ఒక్కతే ఉండేది. పద్నాలుగో నంబరు ఇంట్లో ఉండే మాబేలే, ఫెజేకా నానమ్మ. కెమెరా లేవకముందే ఆవిడ పసిగట్టేది. ఒకసారి ఆరేసిన దుప్పటి వెనక్కి పోయింది. ఇంకోసారి గోడవైపు తిరిగి, “గోడ తీసుకో, నీకు అలవాటేగా!” అంది.

“మాబేలే, ఒక్క క్షణం కదలకుండా ఉండండి!”

“కదలకుండా ఉండటానికి నాకింకా టైముందిరా!”

మ్పెండు తర్వాత ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు పోయేసరికి పుకారు స్థిరపడిపోయింది. జిరాక్సుకి కూడా ఎవరూ రావడం మానేశారు. ఇనుపపెట్టె సొంతదారు సోంచీ పక్కనే జడలు వేసే షాపు నడిపేవాడు. అతను ఒకరోజు వచ్చి గుమ్మం బయటే నిలబడి, ముఖం పక్కకు తిప్పుకుని మాట్లాడాడు.

“తమ్ముడూ, నీమీద నాకేం కోపం లేదు. కానీ నిన్న ఒకావిడ నీ గొంతు విని సగం జడతో పారిపోయింది. ఆ సగం జడతో ఊరంతా తిరుగుతోంది, నా పేరు చెప్పుకుని. నెలాఖరుకు ఖాళీ చెయ్యి.”

ఆ తర్వాతి రోజులు చెప్పుకోదగ్గవి కావు. గాలికి ఇనుపతలుపు కొట్టుకునేది, లోపల ఇద్దరూ కూర్చునేవారు. లుద్వే కెమెరా మెడలోంచి తీసి గోడకు తగిలించాడు. సూపర్‌మార్కెట్‌లో కాపలా ఉద్యోగానికి అర్జీ రాసుకున్నాడు. ఊరందరి అర్జీలూ అచ్చువేసిన యంత్రం అతని అర్జీ దగ్గర కాగితం మింగేసింది.

“చూశావా ఫెజేకా, దీనికి కూడా నామీద నమ్మకం లేదు” అన్నాడు. నవ్వలేదు.

ఇంట్లో మాబేలే తేల్చిచెప్పింది. “సోమవారం నుంచి నువ్వక్కడికి వెళ్ళవు. వాడు నిన్ను ఎన్నిసార్లు తీశాడో ఏమో తల్లీ!” ఈ షాపు పోతే తనను మాటలడగని చోటు ఇంకొకటి లేదని ఫెజేకాకు తెలుసు. మళ్ళీ వంటగదే. తమ్ముళ్ళు పెద్దవాళ్ళయి వెళ్ళిపోయినా ఆ వంటగదే.

సామాను సర్దుతుంటే బల్ల కింద మూడు చెప్పుల పెట్టెలు దొరికాయి. నిండా కవర్లు. ఒక్కోదానిమీద పేరు, ఇంటి నంబరు, వీధుల వరుసలో. ఒకటి తెరిచింది. కూరలావిడ, క్యాబేజీ ఇంకా ముఖందాకా రాకముందు, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఇంకోదాంట్లో పాస్టరుగారు, ఒక కన్ను తెరిచి. ఇంకోదాంట్లో సోంచీ, అద్దంలో తన జుట్టు చూసుకుని మురిసిపోతూ. మాబేలే కవరు మీద మాత్రం నంబరుంది, లోపల ఏమీ లేదు.

“అన్నా, ఇవన్నీ ఎందుకు?” అని అడిగింది. ఆ ఏడాదిలో ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

“శనివారాల కోసం.”

“వీళ్ళంతా పారిపోయారుగా?”

“ఫోటో పడ్డాకే అరుస్తాను. ముందే అరిస్తే ముఖం కార్డులోలా తయారవుతుంది.”

“పడ్డాక అరవడం దేనికి?”

“అంత బాగా వస్తే ఊరుకోవడం ఎలా?”

పెట్టె అడుగున ఒక చావు పుస్తకం ఉంది. అట్ట మీద ఒకావిడ, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు బిగుసుకుని చూస్తోంది. ఇంటిపేరు లుద్వేదే.

“నా దగ్గర నాలుగువేల గోడలున్నాయి” అన్నాడతను, జిరాక్సు ధర చెప్పినట్టు. “అమ్మది ఒక్కటి లేదు. ఆ రోజు నా ఎదురుగానే నిలబడింది, మంచి కోటులో. కెమెరా మెడలోనే ఉంది.”

ఫెజేకా ఆ పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టి పెట్టె మూత వేసింది. సర్దడం మాత్రం ఆపేసింది.

మర్నాడు, రాత్రి చనిపోయిన పదహారో నంబరు మాగాబా కూతురు ఏడుస్తూ వచ్చింది, చేతిలో గుర్తింపు కార్డు. కవరు బయటికి తీస్తే పుకారుకి ఇంకో సాక్ష్యం అవుతుందని లుద్వే ఇనుపపెట్టె వెనక్కి వెళ్ళబోయాడు. ఫెజేకా అంతకంటే ముందు పదహారో కవరు తీసి బల్లమీద పెట్టింది. అందులో మాగాబా గుమ్మంలో నిలబడి, శాలువా నడుముకు చుట్టి, కళ్ళెర్రజేసి, చెప్పు విసురుతోంది. చెయ్యి గాల్లో ఉంది. చెప్పు కూడా.

కూతురు ఏడుపు ఆపి చూసింది. “ఇదే” అంది. “ఇదే మా అమ్మ.”

శనివారం వీధిలో గుడారం వేశారు. గాలికి గుడ్డ టపటపలాడుతోంది, పక్కన మొక్కజొన్న, చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి. పుస్తకాలు పంచారు. ఇరుగుపొరుగు తరఫున మాట్లాడాల్సింది మాబేలే. లేచి నిలబడి అట్ట చూసింది, లుద్వే ఎక్కడున్నాడని గుడారమంతా వెతికింది. ఇక లుద్వే పని అయిపోయిందనుకుంది ఫెజేకా.

“ఈ చెప్పు ఎటు పోతోందో మీకెవరికైనా తెలుసా?” అంది మాబేలే. “నా నెత్తిమీదికి. నా కోడి దాని మడిలోకి వచ్చిందని. నలభై ఏళ్ళు విసిరింది. ఒక్కసారి తగల్లేదు! గురిలేని మనిషి!”

ముందు వెనకవరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గుడారమంతా. పాస్టరుగారు బైబిలు అడ్డం పెట్టుకున్నారు, దాని వెనక ఆయన భుజాలు అదురుతూనే ఉన్నాయి. మాబేలే కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని, పుస్తకాన్ని రెండుసార్లు మడిచి రవికలో దాచుకుంది.

గురువారం చర్చి ఆడవాళ్ళ ప్రార్థన రోజు. ప్రార్థన అయ్యాక మాబేలే ఆ ఆడవాళ్ళంతా వేసుకునే ఎర్రరవిక, తెల్లటోపీతో నేరుగా షాపులోకి వచ్చి కుర్చీలో రాయిలా కూర్చుంది.

“తియ్యి.”

లుద్వే గోడకున్న కెమెరా అందుకున్నాడు, కానీ తియ్యలేదు.

“తియ్యవేం?”

“మాబేలే, ఇది మీ ముఖం కాదు. కార్డు ముఖం.”

“నా ముఖం నాకు నేర్పుతావుట్రా! గోడలు తీసుకునేవాడివి, నువ్వా నాకు…”

క్లిక్.

“కదలకండి, అదే!”

“కదలకుండా ఉండటానికి నాకింకా టైముందని ఎన్నిసార్లు చెప్పాలి! ఏదీ, చూపించు.” చూసింది. “టోపీ పక్కకు పోయింది. ఇంకోటి తియ్యి.”

బయట ఎర్రరవికల వరుస మలుపుదాకా ఉంది. సగంమంది ఫోటోకి ముందు జడలు వేయించుకోవాలని సోంచీ షాపులో కూర్చున్నారు. సోంచీ ఆ తర్వాత నెలాఖరు మాట ఎత్తలేదు. ఫెజేకా గుమ్మందాకా వెళ్ళి, గొంతు సవరించుకుని, వీధంతా వినబడేలా “తర్వాతెవరు?” అని పిలిచింది.

ఆ సాయంత్రం పద్నాలుగో నంబరు కవరు నింపాక ఆమె పెట్టెలు దించి లెక్కపెట్టింది. మూడు వందల పదకొండు కవర్లు. వాటిలో పోయినవాళ్ళవి నాలుగు. మిగతా మూడు వందల ఏడు మందీ బతికే ఉన్నారు, వాళ్ళలో చాలామంది ఆ పుకారు మోసినవాళ్ళే.