మద్దిచెట్టు వంగిన వైపు

మా ఊరు నీళ్లలోకి పోయాక ఏడేళ్లు నేను కుంచె ముట్టుకోలేదు. గోదావరి ఒడ్డున ఉన్న రోజుల్లో మా నాన్న, ఆయన తర్వాత నేను, నాటకాలకు తెరలు వేసేవాళ్లం. దర్బారు, వీధి, అడవి. ఆ తెరల చుట్టల్ని లాంచీకెక్కించుకుని ఊరూరా తిరిగేవాళ్లం. ప్రాజెక్టు కోసం ఊరు ఖాళీ చేయించి కాలనీలో ఇల్లిచ్చారు. ఆ చుట్టుపక్కల నాటకం ఊసే లేదు. చివరికి నేనూ నా భార్యా ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడి తోటలో కాపలాకు కుదిరాం. రంగులు కలిపిన చెయ్యి పురుగుమందు కలుపుతోందని నామీద నేనే జోకులు వేసుకునేవాణ్ణి. నవ్వు మాత్రం వచ్చేది కాదు.

ఈ ఏడాది శ్రీరామనవమికి ముందు తోట యజమాని నన్ను పిలిపించాడు. ఆయనకు నాటకాల పిచ్చి. అరవై దాటినా వాళ్ల నాటక సమాజంలో రాజు వేషం ఇప్పటికీ ఆయనదే. రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవిలోకొచ్చి పద్యాలు పాడే రంగం ఆయనకు ప్రాణం.

"నువ్వు తెరలు వేసేవాడివంట గదయ్యా. ఒక అడవి సీను వెయ్యి. బాగుంటే సమాజం తెరలన్నీ నీకే ఇస్తా. బాగోలేదనుకో, నూజివీడులో ఫ్లెక్సీ కొట్టించేస్తాను. గంటలో పని."

ఫ్లెక్సీ అనేసరికి నాకు ఒళ్లు మండింది. రెండు తరాల పనిని గంటలో ముగించే మాట అది. వారం రోజులు షెడ్డులో తలుపేసుకుని పనిచేశాను. నా భార్యను కూడా చూడనివ్వలేదు. నా చేతికి ఒకరు చెప్పాలా అని పొగరు.

యజమాని వచ్చి చాలాసేపు చూశాడు.

"అడవి వెయ్యమంటే నా తోట వేశావేంటయ్యా?"

అప్పుడు చూశాను. చెట్లన్నీ వరసగా, సమానమైన ఎడంతో నిలబడి ఉన్నాయి. కొమ్మలన్నీ కత్తిరించినట్టున్నాయి. పైగా ప్రతి చెట్టు మొదలుకూ నడుమెత్తున సున్నం వేశాను! ఏటేటా నేను తోటలో వేస్తున్న సున్నమే. అడవిలో చెట్లకు సున్నం వేసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"నాటకానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. ఎల్లుండి వస్తా. ఇట్టాగే ఉంటే ఫోన్ చేసేస్తా, ఏమనుకోమాక" అని ఆయన బండెక్కాడు.

అన్నం తెచ్చిన నా భార్య తెర చూసి నవ్వలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"నువ్వు తిరిగింది లాంచీలో. అడవిలో తిరిగింది నేను" అని గోనెసంచి పరుచుకుని కూర్చుంది. "అడవిలో చెట్టుకి చెట్టు అడ్డం పడుద్దయ్యా. తోటలోలాగా దారి ఇవ్వదు."

తెరంతా చెరిపేశాను. ఆమె చెబుతూ పోయింది, నేను వేస్తూ పోయాను. తునికి ఎక్కడ గుబురుగా ఉంటుందో, ఇప్పచెట్టు కింద నేల ఏ రంగులో ఉంటుందో అన్నీ చెప్పింది. ఒక్కోచోట నా చెయ్యి అలవాటుకొద్దీ వరస కట్టబోతే "మళ్లీ తోట!" అని కసిరేది. చివరికి వాగు దగ్గరికొచ్చాం.

"ఇక్కడ మద్దిచెట్టు. ఎడంపక్కకి వంగుద్ది, నీళ్లమీదకి. మా అమ్మ కట్టెలమోపు దించేది దాని కిందే. దించి, నా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపేది."

ఆమె పుట్టిల్లు ఎగువన అడవిలో ఊరు, అదీ మా ఊరితోపాటే మునిగింది. ఆ చెట్టును నేనెప్పుడూ చూడలేదు. ఆమె కళ్లు మూసుకుని చెప్పింది, నేను వేశాను. వేశాక ఆమె దగ్గరికొచ్చి ఆ మొదలు మీద చెయ్యి పెట్టబోయి, రంగు తడిగా ఉందని ఆగింది.

యజమాని రెండోసారి వచ్చినప్పుడు ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన మొహం వికసించింది.

"ఇదీ అడవంటే! ఒక్కటే ఇబ్బంది. నేనొచ్చేది ఎడంపక్కనుంచి. నల్లటి చెట్టు ముందు నల్ల శాలువా కప్పుకుని నేనేం కనపడతాను? చెట్టుని కుడికి తిప్పెయ్యి."

"అది అటు వంగదండీ" అంది నా భార్య.

"చెట్టు నీదా ఏంటమ్మా?" అన్నాడాయన నవ్వుతూ.

"అవునండీ."

ఆయన చేతిలో ఫోనుంది. నేను దానివైపే చూస్తున్నాను, ఆమె నావైపు చూస్తోందని తెలిసి కూడా.

"తిప్పుతానండీ" అన్నాను.

ఆమె వెళ్లిపోయింది. ఆ పూటే మద్దిచెట్టు మీద ఆకాశం పూసేసి, కుడిపక్కన ఇంకో మద్దిచెట్టును నిలబెట్టాను. వాగును కూడా అటే మళ్లించాను. ఏ ఇంజనీరూ అంత తొందరగా మళ్లించలేడు.

నాటకం రోజు అడవి రంగానికి ముందు తెర లేవగానే, రాజు ఇంకా పద్యం ఎత్తుకోకముందే జనం చప్పట్లు కొట్టారు. నాకు ఆనందమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? మర్నాడే మరో నాలుగు తెరలు చెప్పారు. ఇప్పుడు తోటలో నన్ను పెయింటరుగారు అంటున్నారు. నా భార్య కూడా ఆ రాత్రి ముందు వరసలోనే కూర్చుంది. ఆ తర్వాత సమాజం ఎక్కడ ఆడినా వచ్చింది. ఆ అడవి తెర ఉన్నంతసేపూ కళ్లార్పేది కాదు. నాతో మాత్రం దాని ఊసెత్తలేదు. మిగిలిన గుడ్డమీద ఆమె చెట్టు ఆమెకు వేసి ఇవ్వాలనుకున్నాను. పని మీద పని వచ్చింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపేశాను.

బంగినపల్లి కోతలప్పుడు షెడ్డులో ఆడవాళ్లు కాయలు ఏరుతున్నారు. జి. కొండూరు నుంచి వచ్చిన ఒకావిడ నా భార్యను అడిగింది.

"మీ ఊరు మునిగిపోయిందంట గదా. ఎట్టా ఉండేది?"

"మా అమ్మావాళ్ల ఊరెనక వాగుండేదమ్మా. వాగుమీదకి వంగి పెద్ద మద్దిచెట్టు. మా అమ్మ మోపు దించేది దాని కిందే" అంటూ నా భార్య చెట్టు వంగిన తీరు చేత్తో చూపించింది. చెయ్యి కుడివైపుకు వంగింది.

సరిదిద్దుకుంటుందేమోనని చూశాను. ఆ చేత్తోనే ఇంకో కాయ తీసుకుని మచ్చలున్నాయేమోనని తిప్పి చూసి, బుట్టలో పెట్టింది.

అటు కాదే, ఎడమకి అని చెప్పబోయి ఆగిపోయాను. ఎడమకని నాకెలా తెలుసు? ఆమె చెబితేనే కదా తెలిసింది. వెళ్లి చూసి రావడానికి అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.