మామ పారు, నా కథ

ఏడు పడవలు! వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టాను. ఏడే.

మా మేనమామ డుంగీలో, అంటే ఇంజను బిగించిన చిన్న పడవలో, ఆదివారం పొద్దున్నే గేలం వేయడానికి వెళ్లడం నా సరదా. ఆయనకది సరదా కాదు, కూడు. వయసు మీద పడి దూరం పోలేక, ఒడ్డుకు దగ్గరగా నీటి అడుగునున్న ఒక బండనే నమ్ముకున్నాడు. మావాళ్లు దాన్ని పారు అంటారు. అది పైకి కనిపించదు. కొండ మీది తెల్ల నీళ్ల ట్యాంకు వెనక్కి మొండి చెట్టు రావాలి, అప్పుడే ఎడమ పక్క దీవి మొన జెట్టీ దీపానికి తగలాలి. ఆ రెండు గుర్తులూ కుదిరిన చోట గేలం వదిలితే చేప పడాల్సిందే. శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఈ దీవులకు వచ్చిన మా తాత, అంటే మామ వాళ్ల నాన్న, ఏళ్ల తరబడి వెతికి పట్టిన చోటది. పరాయివాళ్లకు చెప్పరు. దగ్గరలో ఇంకో పడవ కనిపిస్తే మామ గేలం బయటికే తియ్యడు. ఇంజను మొరాయించినట్టు దాన్ని కెలుకుతూ కూర్చుని, వాళ్లు పోయాకే మొదలుపెడతాడు.

నేనేమో డెలానీపూర్ ఆఫీసులో ఫైళ్లు తిప్పుతూ కథలు రాసేవాణ్ణి. నాకున్న పిచ్చులన్నీ పాత్రలకు అంటిస్తాను. ఒకడు పాత రేడియోలు విప్పుతాడు, ఇంకొకామె నూనె డబ్బాల్లో మిరప మొక్కలు పెంచుతుంది. "అందరూ మీరే కదా! ఒకడికి మీసం పెడతారు, ఒకదానికి చీర కడతారు, అంతే," అని మా ఆవిడ దెప్పుతుంది.

కిందటి నెల కథలో ఒక ఒంటరి గుమాస్తాకు నా గేలం ఇచ్చాను. తాడు కోసుకోకుండా చూపుడు వేలికి చుట్టే గుడ్డపీలికతో సహా. నిజంలా ఉండాలని ఆ రెండు గుర్తులూ ఉన్నదున్నట్టు దించేశాను. మా బస్తీ కుర్రాళ్లలో తెలుగు చదివేవాళ్లు ఎంతమందిలే అనుకున్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఎవరూ చదవడం లేదే అన్న బాధతో, నేనే గొంతు సవరించుకుని చదివి, ఫోన్‌లో రికార్డు చేసి, మా బతు బస్తీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చప్పట్లే చప్పట్లు. ఆ నాలుగు రోజులూ నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇప్పుడు పారు మీద చేరిన ఆ ఏడింటిలో ఒక పడవలోంచి ఒకతను పెద్ద చేపను పైకెత్తి చూపించాడు.

"భయ్యా! నీ కహానీ ఏక్‌దమ్ కరెక్ట్! ట్యాంకీ, సెట్టు, సీదా లైన్‌లో కుదిరిపోనాయి!"

వెక్కిరింత కాదు, నిజమైన మెచ్చుకోలు. ఛీ, నా బతుకు! మామ మొహం చూడలేక ఆయన చేతులు చూశాను. ఆయన ఎప్పటిలాగే ఇంజను మీదికి వంగి కెలకడం మొదలుపెట్టాడు. అందరికీ తెలిసిపోయిన చోటును దాచిపెట్టడానికి, ఆ అలవాటు చొప్పున, చాలాసేపు కెలికాడు. తర్వాత పడవ వెనక్కి తిప్పాడు.

జెట్టీ మెట్ల మీద కూర్చుని, "ఏదీ, ఆ కతేటో ఇనిపించు," అన్నాడు.

ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. చివరిదాకా విన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండు అనుకున్నాను.

"మరి ఈడికి ఆ పారు ఎవులు సెప్పినారురా?"

"ఎవరూ చెప్పలేదు మామా. కథలో... వాడే కనిపెడతాడు."

"ఆడే?"

నా గేలం, నా గుడ్డపీలిక, నా ఆదివారం, అన్నీ వాడికిచ్చాను. పక్కన కూర్చుని నేర్పిన మనిషి నాకు గుర్తుకే రాలేదు. రాసేటప్పుడు ఒక్కసారి కూడా.

మామ ఖాళీ చేపల బుట్ట ఎత్తుకుని లేచాడు.

"పారు పోతే పోయిందిలే అల్లుడా. మా అయ్యనైనా పెట్టకపోనావా అందుల?"