మెచ్చుకున్న అరచెయ్యి

మిద్దె మీది గది ఖాళీ చెయ్యమని ఇంటాయన చెప్పడంతో పోయిన వారం సామాను లెక్క వేశాను. పోయినవి: స్టీలు స్కేళ్ళు తొమ్మిది, కోసేటప్పుడు అట్ట కింద పరిచే పచ్చ మ్యాట్లు నాలుగు, కత్తెర్లు అయిదు, బల్లదీపం ఒకటి. ఇవి కాక, శిబిరం చివరి రోజు తర్వాత మళ్ళీ మా మెట్లెక్కని అమ్మాయి ఒకతె. స్కేళ్ళు పిల్లల సంచుల్లో వెళ్ళిపోయి ఉంటాయి, వాటి మీద నాకు కోపం లేదు. అమ్మాయి ఎలా పోయిందో మాత్రం దగ్గరుండి చూశాను.

పుదుచ్చేరి పెద్ద మార్కెట్ వెనక వీధిలో, ఎండాకాలం సెలవుల్లో పధ్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలకు కట్టడాల రూపకల్పన నేర్పే శిబిరం మాది. మాది అంటే ఇద్దరిది. గాలి, వెలుతురు, గీతలు ఆర్కిటెక్టు గారివి. కొలతలు, ఇటుకల లెక్క నావి. ఆయన పెద్ద కాలేజీలో చదివాడు. నేను కంట్రాక్టర్ల దగ్గర పద్దులు రాస్తూ ఎస్టిమేట్లు వెయ్యడం సొంతంగా పట్టుకున్నాను. పిల్లలు బాహూరు నుంచి బస్సులో, పిళ్ళైచావడి నుంచి అన్నల బండ్ల వెనక కూర్చుని వచ్చేవాళ్ళు. మధ్యాహ్నానికి గదంతా జిగురు వాసన, చద్దెన్నం వాసన కలిసిపోయేవి. జాలరుల పిల్లవాడొకడు వంటింటికన్నా వలలు పెట్టుకునే గది పెద్దగా గీసి, వాళ్ళమ్మకు చూపించొద్దని నన్ను బతిమాలుకున్నాడు.

ఆర్కిటెక్టు గారికొక ఆచారం ఉండేది. చివరి రోజు పిల్లల అట్టనమూనాలన్నీ చూసి, అన్నిటిలోకీ బాగున్నదాని మీద అరచెయ్యి ఆనించి అణిచేసేవాడు. "మళ్ళీ కట్టు" అనేవాడు, అంతే. ఆయన చదువుకునే రోజుల్లో వాళ్ళ గురువు ఆయనకు అలాగే చేశాడట. చేసినదాని మీద మమకారం తెగితేగాని బుర్ర పనిచెయ్యదని వాళ్ళ నమ్మకం. పాత పిల్లలకు ఇదొక మర్యాద అని తెలుసు. చెక్కుచెదరని నమూనా చంకలో పెట్టుకుని ఏడుస్తూ ఇంటికి వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ అమ్మాయి వాళ్ళది బజారులో పింగాణీ, గాజు సామాన్ల కొట్టు. తరాలుగా ఇక్కడున్న తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారుగాని చదవడం రాదు. అందుకే నమూనా మీద వాకిలి, మిద్దె, మెట్లు అన్న తెలుగు మాటలు అరవ అక్షరాల్లో రాసింది. కట్టింది వాళ్ళ నాయన కొట్టునే. ట్యూబులైటు కింద గిన్నెల్లో సన్నబీట కనబడక ఆయన మోసపోతుంటాడని, ఉత్తరం వైపు పైకప్పు ఎత్తి, వెలుతురు నేరుగా అరల మీద పడేలా చేసింది. ఆర్కిటెక్చరు చదువుతానని ఆమె పట్టు, కామర్స్ చాలని ఆయన పట్టు. చివరి రోజు వచ్చి చూసి తేలుస్తానన్నాడు. పెద్దవాళ్ళను పిలవడం ఆ ఏడాదే మొదలు.

ఆయన వచ్చాడు. నమూనా ముందు వంగి, గిన్నెను పరీక్షించినట్టు గోటితో గోడను రెండుసార్లు తట్టి చెవి ఒగ్గాడు. అట్ట ఏం మోగుతుంది? అయినా తల ఊపాడు. పైకప్పు సందులోంచి వేలు పెట్టి చూసి, "ఈ వెలుతురులో బీట దాగదు" అని నాతో అన్నాడు. ఆయన ముఖంలో అంత మెత్తదనం కొట్లో ఎప్పుడూ చూడలేదు. అమ్మాయి అది చూసి నవ్వింది. అప్పుడే ఆర్కిటెక్టు గారు అటు వచ్చి, కాసేపు నిలబడి, అరచెయ్యి పెట్టాడు.

పాత పిల్లలు చప్పట్లు కొట్టారు. దాంతో ఇంకా చెడింది, తండ్రికి అది ఎగతాళిలా తోచింది.

తండ్రి నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు. "బాగాలేదనే కదన్నా?" అన్నాడు. బాగున్నదాన్నే సారు అట్లా చేస్తాడని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"మా కొట్లో మంచి గిన్నెను మెచ్చుకోని ఎవురన్నా నేలకేసి కొడతారా? నువ్వు మంచోడివి గనక అట్ట చెప్తుండావు. ఆ సార్నే చెప్పమను. ఆయన నోట్నించి వస్తే నేను అడ్డం చెప్పను."

నేను పరుగున వెళ్ళాను. ఆర్కిటెక్టు గారు కాఫీ తాగుతున్నాడు. విడమరిచి చెబితే పాఠం చచ్చిపోతుందన్నాడు. తండ్రి ఈ పూటే తేల్చేస్తాడు, ఒక్కసారి వచ్చి చెప్పండి అన్నాను. "ఫీజు కూతురికి కట్టాడు. తండ్రికి పాఠం వేరే" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

తిరిగి వచ్చేసరికి తండ్రి చీపురు అడిగి తీసుకున్నాడు. చెత్తబుట్ట యాడుందని మర్యాదగా అడిగాడు. అట్టముక్కలన్నీ ఊడ్చి, గాజుపెంకులు ఎత్తినట్టే ఎవరి చేతికీ గీరుకోకుండా పేపర్లో మడిచి, పైన దారం చుట్టి బుట్టలో వేశాడు. అమ్మాయి ఏడవలేదు. "వద్దులే నాయినా, నేనే ఊడుస్తా" అని ఒక్కసారి మాత్రం అంది. ఆయన చీపురు ఇవ్వలేదు.

ఆమె కామర్స్ చదివింది. ఇప్పుడు కొట్లో కూర్చుంటుంది. కప్పులు కొనడానికి వెళితే ఒక్కొక్కటీ తట్టి ఇస్తుంది, ట్యూబులైటు కిందే. నన్ను మామా అని పిలుస్తుంది, శిబిరం ఊసెత్తదు. ఆర్కిటెక్టు గారు మాత్రం మరుసటేడు కొత్త పిల్లలకు ఆమె కథ చెప్పాడు: ఒక్క చేతిదెబ్బకే ఆగిపోయిన పిల్ల, అలాంటివాళ్ళు ఈ చదువుకు పనికిరారు అని. నేను అక్కడే ఉండి టేపు చుట్టుకుంటున్నాను. ఆమె తండ్రికి ఆయన ఏం చెప్పలేదో ఆ పిల్లలకు నేను తర్వాత చెప్పాను. వాళ్ళు నవ్వలేదు, నమ్మనూ లేదు.

ఆయన వేరే ఊరు వెళ్ళిపోయాడు, బాగానే ఉన్నాడు, సభల్లో మాట్లాడుతుంటాడట. కాలం గడిస్తే ఎంత పాత బాకీ అయినా కరుగుతుందని చాలామంది అనగా విన్నాను. నేను లెక్క వేసి చూశాను, కరగలేదు. "ఇదే అన్నిటికన్నా బాగుంది": ఆ తండ్రికి ఆయన నేటికీ మూడు మాటలు బాకీ.