కింది మనిషి మాట

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. మోసి మోసి అలవాటైపోతుందనుకున్నాను. అలవాటు కాలేదు, అలసట మాత్రం వచ్చింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ రాతతో పనేముంది? ఓపిక ఉంటే వినండి. నాకిక దాచే ఓపిక లేదు.

మాది తిరుత్తణి వైపు. చెట్ల కొమ్మలు కొట్టడం మా పని. చెట్టును కూల్చడం కాదు. రోడ్డు మీదికి వాలిన కొమ్మను, కరెంటు తీగకు తగిలే కొమ్మను, గాలివానకు విరిగి వేలాడే కొమ్మను దించుతాం. చెట్టూ బతకాలి, కింద నడిచేవాడూ బతకాలి, ఎక్కినవాడూ బతకాలి. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా ఈ పని చేసేవాళ్ళమంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. నేను దానికి చాలాకాలం కార్యదర్శిని. మావాళ్ళు ఎంత ఎత్తయినా భయపడరు గాని, ఆఫీసు మెట్లెక్కాలంటే వాళ్ళకు గొంతు తడారిపోతుంది. అక్కడ నడిచేది తమిళం, అందులో నాలుగు ముక్కలు గట్టిగా మాట్లాడటం నాకు వచ్చు. రోడ్ల ఇంజనీరు కుర్చీ చూపించకపోయినా కూర్చోవడం వచ్చు. అందుకే నన్ను పెట్టారు. పడ్డవాడి పక్కన సంఘం నిలబడుతుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ నేను ఇచ్చిన భరోసా ఇదే.

మాలో ఒక కట్టుబాటు ఉంది. కింద నిలబడే మనిషి కరెంటు ఆపారో లేదో కనుక్కుని, తాడు లాగి చూసి, మాను మీద అరచేయి పెట్టి 'ఎక్కు' అనాలి. అనేదాకా పైవాడు కాలు పెట్టకూడదు. అన్న తర్వాత పైవాడు ఇంకేమీ అడగకూడదు. అది కూడా కట్టుబాటే. అనుమానంతో ఎక్కినవాడి చేతులు నిలవవు, అందుకని తన ప్రాణాన్ని కింది మనిషికి అప్పగించి ఎక్కుతాడు. ఆ మాట వినకుండా ఎక్కినవాణ్ణి మావాళ్ళు తిట్టరు, కొట్టరు. మళ్ళీ పనికి పిలవరు, అంతే.

దేవరాజు మా అందరిలోకీ నిదానస్థుడు. ఒకసారి కింది మనిషి టీకి పోయి కబుర్లలో పడితే, ఇతను నడుముకు తాడు కట్టుకుని ఎండలో మాను పక్కనే కూర్చున్నాడు. పెళ్ళిపీట కూడా ఎవరో 'ఎక్కు' అన్నాకే ఎక్కి ఉంటాడని ఎగతాళి చేసేవాళ్ళం. అతను నవ్వేసేవాడు. అలాంటివాడి గురించి నేను ఆ అబద్ధం చెప్పాను. అందరూ ఎలా నమ్మారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. చెప్పింది నేను గనక నమ్మారేమో.

ఆడికృత్తిక పండగకు ముందు రోజులు. తిరుత్తణి కొండకు భక్తులు కావళ్ళు మోసుకొచ్చే దారిలో ఒక నిద్రగన్నేరు కొమ్మ కరెంటు తీగ మీదికి వాలింది. జనం రావడం మొదలయ్యేలోగా దించేయాలని ఇంజనీరు ఒకటే పోరు. ఎప్పుడూ కింద నిలబడేవాడికి జ్వరం. సరే, నేనే నిలబడతానన్నాను. మిగతావాళ్ళు అటూ ఇటూ మలుపుల దగ్గర బండ్లు ఆపుతున్నారు. చెట్టు కింద మేమిద్దరమే. కరెంటు ఆపమని లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. ఆపి, తిరిగి ఫోన్ చేస్తానన్నాడు. ఫోన్ రాలేదు. హారన్లు మోగుతున్నాయి. బస్సులోవాళ్ళు తలలు బయటపెట్టి తిడుతున్నారు. ఇంజనీరు మళ్ళీ ఫోన్ చేసి అరిచాడు. ఈపాటికి ఆపే ఉంటాడులే అనుకున్నాను. అనుకున్నాను. ఆ అనుకోవడం కోసమేనా మావాళ్ళు నన్ను కింద నిలబెట్టింది?

మాను మీద చేయి పెట్టాను. ఎక్కమన్నాను. దేవరాజు నా ముఖం వైపు కూడా చూడలేదు, ఎక్కాడు.

కత్తి తీగకు తగిలింది. అతను పడిన తీరు గురించి రాయలేను, మన్నించండి. నేను అతని తలను ఒళ్ళో పెట్టుకుని కేకలేస్తుండగా జేబులో ఫోన్ మోగింది. లైన్‌మన్. కరెంటు ఆపాను, ఇక మనిషిని ఎక్కించండి అన్నాడు.

దేవరాజు బతికాడు. తుంటి విరిగింది, కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయాయి. తలకు తగిలిన దెబ్బతో ఆ రోజంతా అతని బుర్రలోంచి చెరిగిపోయింది. పొద్దున ఇంట్లో సంగటి తిన్నదొక్కటే గుర్తుందట.

తిరువళ్ళూరులో విచారణ పెట్టారు. ఆసుపత్రిలో ఉన్నవాడు రాలేడు గనక సంఘం తరఫున, అతని తరఫున నేను వెళ్ళాను. తను ఫోన్ చేసేసరికే మనిషి చెట్టెక్కి పడిపోయాడని లైన్‌మన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. అయితే ఎక్కమన్నదెవరు అని అధికారి అడిగాడు. అందరూ నా వైపు చూశారు. ఎవరూ చెప్పలేదని, నేను ఫోన్‌లో ఉండగా అతనే తొందరపడి ఎక్కేశాడని అన్నాను. గొంతు కూడా వణకలేదు. వాదించడానికి నేర్చుకున్న గొంతు కదా.

ఎందుకలా అన్నాను? కార్యదర్శే కట్టుబాటు తప్పాడంటే సంఘం పరువు పోతుంది, రోడ్ల పని బయటివాళ్ళకు పోతుంది, మావాళ్ళంతా వీధిన పడతారు. బయటికొచ్చి మెట్లు దిగుతూ నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ పని మాకే నిలిచిన తర్వాతైనా, నలుగురినీ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. అంటే నేను కాపాడుకున్నది సంఘాన్ని కాదు, నన్ను. కంచే చేను మేసిందంటారు చూడండి, అదే జరిగింది. ఆ గదిలో దేవరాజుకు ఎదురు మాట్లాడినవాళ్ళెవరూ లేరు, అతని తరఫున వెళ్ళిన నేను తప్ప.

విచారణ అయ్యాక ఆసుపత్రికి వెళ్ళాను. అతని భార్య సుగుణమ్మ మందుల కోసం బయటికి వెళ్ళింది. అప్పుడు అడిగాడు.

"అన్నా, ఆ పొద్దు నువ్వు నన్ను ఎక్కమని చెప్పినావా?"

అదే నాకు దొరికిన అవకాశం. ఆఫీసులో చెప్పింది అబద్ధమైనా, కనీసం అతనికి నిజం చెప్పి ఉండొచ్చు.

"లేదబ్బా. నేను ఫోన్లో ఉండంగానే నువ్వు ఎక్కేసినావు."

"మాట లేకుండానా? నేనా?"

"ఇంజనీరు అరస్తా ఉన్నాడు గదా. తొందరపడినావు."

అతను పైకప్పు వైపు చూశాడు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

"ఎన్నడూ అట్ల చేసినోణ్ణి కాదే అన్నా. ఆ పొద్దు నాకేం పుట్టిందో. నీకు తలవంపులు తెచ్చిపెడితిని. మన్నించన్నా."

"పోనీలే అబ్బా. అయిందేదో అయిపోయింది."

చూశారా? అతను మన్నించమన్నాడు, నేను మన్నించేశాను. ఇన్నేళ్ళలో విచారణ గదిలోని మాటను ఎన్నిసార్లు తలుచుకున్నా తట్టుకోగలిగాను. ఈ 'పోనీలే'ను తట్టుకోలేకపోతున్నాను.

అతను మళ్ళీ చెట్టెక్కలేడని డాక్టర్లు చెప్పారు. కానీ కింద నిలబడటానికి తుంటితో పనేముంది, చూపుంటే చాలు. ముసలివాళ్ళయి ఎక్కలేని మావాళ్ళంతా చివరికి కింది మనుషులే అవుతారు. దేవరాజును ఎవరూ పిలవలేదు. మాట వినకుండా ఎక్కినవాడి మాట నమ్మి ఎవడు ఎక్కుతాడు? ఒకరిద్దరు జాలిపడి పిలుద్దామన్నారు గాని, అతనే వద్దన్నాడు. ఆ చోట నిలబడే అర్హత తనకు లేదన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, తేలు కుట్టిన దొంగలా. ఇప్పుడు పట్టాభిరామ్‌లో ఒక గోడౌన్ దగ్గర కాపలా కాస్తున్నాడు. కుంటుకుంటూ రైలెక్కి పోతాడు, కుంటుకుంటూ వస్తాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఏటా సంఘం కూడినప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు నాలుగు జాగ్రత్తలు చెబుతాం. దేవరాజు సెలవు పెట్టుకుని మరీ వస్తాడు. ముడుచుకున్న వేళ్ళు పైకెత్తి చూపించి, కింది మనిషి మాట వినకపోతే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకోండని చెబుతాడు. చేయని తప్పును ప్రతి ఏడాదీ నిండు సభలో ఒప్పుకుంటాడు. చేసినవాణ్ణి నేను వేదిక మీద కూర్చుని తలూపుతాను. ఈ ఏడు నేను పదవి దిగిపోతున్నానని శాలువా కప్పారు. కప్పింది అతనే. నాకు కష్టమొచ్చినప్పుడు నా తరఫున నిలబడిన మనిషి ఈయన అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను శాలువా సర్దుకుని అందరికీ దండం పెట్టాను.

కిందికి దిగాక అతన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను, నమ్మండి. సుగుణమ్మ ఎదురైంది. తన తప్పు విని నలుగురైనా జాగ్రత్తపడతారన్న ఒక్క తృప్తితోనే ఆయన బతుకుతున్నాడని చెప్పింది. ఆ తృప్తిని నేనెందుకు చెడగొట్టాలి అనుకుంటూ వెనక్కి తిరిగాను. ఎంత చక్కటి సాకు! నిజం చెబితే ఆ తృప్తి పోయినా, తన మీద తనకు పోయిన నమ్మకం తిరిగి వస్తుంది కదా? అది నాకు తెలియదా? తెలుసు. తెలిసే బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. దేవరాజు తొందరపడలేదు. ఎక్కమన్నది నేనే. నన్ను మన్నించమని మిమ్మల్ని అడగను. మన్నించాల్సింది మీరు కాదు, ఆ ఒక్కడికి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. రాశాక గుండె కొంచెం తేలికపడింది, దాన్ని దాచను. కానీ ఆ తేలిక నాకొక్కడికే. ఈపాటికి అతను పట్టాభిరామ్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు, తప్పు తనదేననుకుంటూ.