తెరిచి చదివిన తరువాతే

మొన్న గురువారం పొద్దున మస్కట్ అల్ ఖువైర్‌లోని మా సర్కారు ఆఫీసులో టీలు పోస్తూ, అలవాటు ప్రకారం చక్కెర లేని కప్పు ఒకటి పక్కకు పెట్టాను. అప్పుడే ఇంజనీరు ప్రవీణ్ వచ్చి, "ఆ కప్పు వద్దు రమణమ్మక్కా. ఖాజా సార్ పోయిండ్రు. ఇప్పుడే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. పోసిన టీ పారబోయడానికి నాకు చేతులు రాలేదు.

కడప నుంచి వచ్చి ముప్పై ఏళ్లు మస్కట్‌లో రికార్డుల పని చేసిన ఖాజా హుసేన్ సార్ పేరు ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. తెలియాలనే ఇది రాస్తున్నాను.

యాభై దాటిన నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. మధ్యాహ్నం అన్నాల వేళ నా నోటుబుక్కు చూసి, "రాసినావు సరే. ఇప్పుడు చదువు. చదవలేనిది రాసినట్టు కాదక్కా" అనేవారు. తప్పు పోతే కోప్పడేవారు కాదు. చదివేదాకా కదలనిచ్చేవారు కాదు, అంతే.

ఆయన చివరి పని కూడా ఇలాంటిదే. మా ఆఫీసు కంప్యూటర్లలోని పాత ఫైళ్లన్నీ ఆర్కైవ్స్‌కు, అంటే ప్రభుత్వ కాగితాలను కలకాలం దాచే చోటికి, పంపాలి. ఏవి పంపాలో, గడువు తీరినవి ఏవి తుడిచేయాలో ప్రణాళిక వేసింది సారే. నెలాఖరుకు ఆ పాత కంప్యూటర్లు ఆపేస్తారు. ఆ తరువాత వాటిలో మిగిలింది ఇంకెక్కడా దొరకదు.

ఒకరోజు ప్రవీణ్ నవ్వుతూ వచ్చాడు. "సార్, గీ ఫైళ్లు ఆరొందల ఏండ్ల కిందటియట. గడువు తీరిందని మిషన్ చెప్తున్నది. తుడిచేద్దమా?"

"ఆరొందల ఏండ్ల కింద కంప్యూటర్ ఎవరింట్లో ఉండిందయ్యా, మీ తాతింట్లోనా? తెరువు సూద్దాం."

తెరిచారు. ఒమన్ లోపలి నిజ్వా వైపు ఊళ్లలో ఫలజ్ కాలువ నీళ్లు ఏ తోటకు ఏ పూట పారాలో రాసిన వంతుల కాగితాలవి. ఫైళ్ల మీద ఉన్నది ముస్లిం కేలండర్ లెక్కన హిజ్రీ సంవత్సరం, పద్నాలుగు వందల చిల్లర; అంటే మన కాలానివే. మిషన్ దాన్ని ఇంగ్లిషు సంవత్సరం అనుకుంది. ప్రవీణ్ నవ్వు ఆగిపోయింది.

జాబితా మొదటి నుంచీ మళ్లీ రాయాల్సి వచ్చింది. గుండె మాత్రలు మింగుతూనే సార్ రోజూ డ్యూటీకి వచ్చారు. ఫైళ్లన్నీ ఆర్కైవ్స్‌కు చేరాయని, వాటిని పంపే పని తీసుకున్న కంపెనీ చెప్పింది. ఇక సంతకం పెట్టేస్తే ఖలాస్ అన్నారు మా ముదీర్, పెద్దాఫీసరు. "ఆడ తెరిచి చదివినాక పెడతా సాబ్. అంతవరకు నా పెన్ను జేబులోనే ఉంటాది" అన్నారు సార్. ముదీర్ ముఖం ఎర్రబడింది. సార్ ముఖం మారలేదు.

నెలాఖరు రోజు ఆర్కైవ్స్ ఆఫీసరమ్మ అక్కడ ఒక్కో ఫైలూ తెరిచి మొదటి వరుస ఫోన్‌లో చదివి వినిపించింది. సార్ ఇక్కడ జాబితాలో టిక్కు పెడుతూ పోయారు. ఆఖరి ఫైలు చదవగానే ముదీరే ముందు చప్పట్లు కొట్టారు. ఒక్క కాగితం పోలేదు. సార్ జేబులోంచి పెన్ను తీసి సంతకం చేసి నా వైపు తిరిగారు. "ఈ పొద్దు చక్కెర వేసి తీసుకురాక్కా."

కొన్నాళ్లకు నిజ్వా దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన ఖర్జూరాల డబ్బాతో బస్సులో వచ్చాడు. నీటి వంతు మీద తగాదా వస్తే, ఆయన తాత పేరున్న కాగితం ఆర్కైవ్స్‌లో వెంటనే దొరికిందట. ఆయన ఇక్కడి మర్యాద ప్రకారం సార్ నుదుటి మీద ముద్దు పెట్టాడు. "నేనేం చేసినా? చదివించినా, అంతే" అని సార్ ఆ డబ్బా తెరిచి అందరికీ పంచారు.

అలాంటి మనిషి మా ఆఫీసుకు మళ్లీ రాడు. కానీ ఆయన దక్కించిన వంతుల ప్రకారం ఆ తోటలకు ఈ రోజు కూడా నీళ్లు పారుతున్నాయి.

ఇది రాయడం పూర్తయ్యాక, చక్కెర వేసిన కప్పు ఆయన బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. ఆ తరువాతే ఇక్కడి మన తెలుగువాళ్లందరికీ పంపుతున్నాను.